ఏటిని దాటని కారు



వేసవి సెలవుల్లో తీర్థయాత్రకో, పెళ్ళికో పోవలసి వచ్చినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు అద్దె కారు మాట్లాడటం మీరు చూసే ఉంటారు. మన దగ్గర కారుతోపాటు డ్రైవరు కూడా వస్తాడు. దారి అతనికి తెలుసు. టైరు పంచరైతే అతనే చూసుకుంటాడు. ఎక్కి కూర్చోవడం వరకే మన పని. చాలా విదేశాల్లో అలా కాదు. కాగితాల మీద సంతకం పెట్టించుకుని తాళంచెవి చేతికి ఇస్తారు. ఆ తరువాత బండి, దారి, గాలి, వాన అన్నీ మనం చూసుకోవలసిందే. అందుచేత ఎలాంటి కారు తీసుకోవాలన్నది ఇంట్లో ఉండగానే ఆలోచించుకోవాలి.

2022 జూలైలో మేము ఐస్‌లాండు వెళ్ళాము. అట్లాసు తెరిచి చూడండి. అట్లాంటిక్ మహాసముద్రంలో, ఉత్తర ధ్రువ వృత్తానికి కాస్త దిగువన ఒంటరిగా ఒక ద్వీపం కనిపిస్తుంది. అదే ఐస్‌లాండు. మా అమ్మాయీ, అల్లుడూ డెన్మార్కులో ఉద్యోగం చేస్తున్నారు. ఆ వేసవికి నేనూ, మా ఆవిడా వాళ్ళ దగ్గరికి పోయాము. ఎనిమిదేళ్ళ మనవడితో కలిపి ఐదుగురం పదిరోజుల ప్రయాణం పెట్టుకున్నాము.

ఆ ద్వీపాన్ని చుట్టి వచ్చే పెద్ద రోడ్డు ఒకటి ఉన్నది. దాని నంబరు ఒకటి, పొడవు సుమారు 1,300 కిలోమీటర్లు. దక్షిణాన హిమానీనదాలు తెచ్చి పోసిన ఇసుక మైదానాల మీద వంతెనలు పూర్తి అయ్యేదాకా ఆ రోడ్డు చుట్టూ కలవలేదు. 1974లో కలిసింది. ఇప్పుడది దాదాపు అంతా తారురోడ్డే. దేశం నడిమధ్య మాత్రం కొండలు, నల్లని లావా రాళ్ళు, మంచు దిబ్బలు. అక్కడి దారుల నంబరుకు ముందు "ఎఫ్" అనే అక్షరం రాసి ఉంటుంది. ఆ దారుల్లో చాలాచోట్ల వాగులకూ, ఏళ్ళకూ వంతెనలు లేవు. బండిని నీళ్ళలోకి దించి దాటించాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్లు తప్ప మరేవీ అటు పోకూడదని చట్టం.

మనవడు ఒక పెద్ద జీపు బొమ్మ చూసి పట్టు పట్టాడు.

"తాతయ్యా! ఇదైతే ఏరు దాటేస్తుంది!" అన్నాడు.

"మామయ్యగారూ, మనకు చిన్నకారు చాలండి. దాని అద్దెలో సగం కూడా కాదు," అన్నాడు అల్లుడు.

ఇద్దరూ నా ముఖం చూశారు. ఎన్నో ఏళ్ళు బడిలో తగవులు తీర్చినవాడికి ఇంట్లోనూ ఆ ఉద్యోగం తప్పదు గదా!

ముందు మనవడి చేత టేపు తెప్పించి పెట్టెలు కొలిపించాను. పెద్దపెట్టె పొడవు 70, వెడల్పు 45, మందం 30 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేస్తే 94,500 ఘన సెంటీమీటర్లు, అనగా 94 1/2 లీటర్లు. అలాంటివి రెండు. చిన్నపెట్టెలు రెండూ కలిపి 77 లీటర్లు. మొత్తం 266. చిన్నకారు డిక్కీ 300 లీటర్లని కాగితంలో ఉన్నది. "చూశారా, పడతాయి!" అన్నాడు అల్లుడు. పెట్టెలు నీళ్ళలాగా మూలమూలకూ ఒదుగుతాయా? డిక్కీ వెడల్పు, లోతు అడిగి తెలుసుకుని, నేలమీద సుద్దముక్కతో గీత గీసి పెట్టెలు సర్దమన్నాను. ఒక పెద్దపెట్టె బయటే మిగిలిపోయింది.

తరువాత మనవణ్ణి తలుపుకు ఆనించి కొలిచాము. 126 సెంటీమీటర్లు. ఐస్‌లాండులో 135 సెంటీమీటర్లకు తక్కువ ఉన్న పిల్లలకు వేరే సీటు అమర్చి తీరాలి. ఆ సీటు పెట్టాక వెనకాల మరి ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చోవాలి. చిన్నకారు మాట అంతటితో పోయింది.

ఇక జీపు. దాని ఎత్తు చూడగానే నాకు గాలి జ్ఞాపకం వచ్చింది. ఆ దేశంలో గాలి మహా విపరీతం. సెకనుకు 20 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు తలుపు మీద సుమారు పాతిక కిలోల బరువంత తోపుడు తోస్తుంది. వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలు. అంటే వంద కిలోలు! తలుపు తెరిచేవాడి చేతిలోనుంచి అది విసురుగా లాక్కుపోయి బందులు వంగిపోతాయి. ఎత్తైన బండికి గాలి తగిలే చోటు కూడా ఎక్కువే.

ఆ రాత్రి అమ్మాయి ఒప్పందం కాగితం చదివి వినిపించింది. కారు తలుపు గాలికి విరిగితే ఖర్చు మనదే. ఏరు దాటుతుండగా ఇంజనులోకి నీళ్ళు పోతే, అది ఎంత పెద్ద జీపైనా సరే, బీమా వర్తించదు.

"నీళ్ళు పోతే ఏమవుతుంది? తుడిచేస్తే పోదా?" అన్నాడు మనవడు.

మంచి ప్రశ్న. మీరు కూడా ఈ ప్రయోగం చేసి చూడండి. సూది లేని ఖాళీ సిరంజి తీసుకుని, మూతి వేలితో గట్టిగా మూసి వెనకనుంచి నొక్కండి. లోపలి గాలి అణిగి చోటు ఇస్తుంది. ఇప్పుడు దానినిండా నీళ్ళు నింపి అలాగే నొక్కండి. వెంట్రుకవాసి కూడా కదలదు. ఇంజనులో పిస్టను అనే ముక్క నిమిషానికి వేలసార్లు గాలిని అలాగే నొక్కుతూ ఉంటుంది. గాలికి బదులు నీళ్ళు వస్తే నొక్కడానికి వీలుకాక, పిస్టనును నడిపే ఉక్కు కడ్డీయే వంగిపోతుంది. మనవడు నాలుగైదుసార్లు నొక్కి చూసుకుని, చొక్కా తడుపుకుని, మరి జీపు మాట ఎత్తలేదు. ముఖం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు.

చివరకు పొడుగాటి డిక్కీ ఉన్న మధ్యరకం కారు నిర్ణయించాము. ఎఫ్ దారులకు పోవడం లేదు గనక రెండు చక్రాలకు బలం అందే బండే చాలు. గేర్లు తానే మార్చుకునేది కావాలని మాత్రం నేను పట్టుపట్టాను. ఐస్‌లాండులో బండ్లు రోడ్డుకు కుడివైపున పోతాయి. అల్లుడికి అది డెన్మార్కులోనే అలవాటైంది. అమ్మాయి మాత్రం మన ఊళ్ళో నేర్చుకున్నది, ఎడమచేత్తో గేరు మార్చిన పిల్ల. అలసిపోయినప్పుడు చేతులు పాత అలవాటుకే పోతాయి. ఇద్దరూ మార్చి మార్చి నడపాలి గదా!

మరి మనవడి ఏరు? దానికీ ఒక మార్గం ఉన్నది. థోర్స్‌మోర్క్ అనే లోయ ఉన్నది. పిడుగుల దేవుడైన థోర్ అడవి అని దాని అర్థం. అక్కడికి ఎత్తు చక్రాల బస్సులు నడుస్తాయి. సెల్యలాండ్స్‌ఫోస్ అనే అరవై మీటర్ల జలపాతం దగ్గర మా కారు వదిలి, ఒకనాటి పొద్దున బస్సు ఎక్కాము. క్రోస్సౌ అనే ఏటి ఒడ్డున డ్రైవరు బస్సు ఆపేశాడు. కిందకు దిగలేదు, తొందరపడలేదు. నీళ్ళు ఎక్కడ నురగ కడుతున్నాయో, ఎక్కడ వెడల్పుగా, పలచగా పారుతున్నాయో చూస్తూ కూర్చున్నాడు. నిన్న దాటినచోట ఇవాళ దాటడానికి ఉండదట. ఏరు పాయలు మార్చుకుంటుంది. తరువాత మెల్లగా దించాడు. బూడిదరంగు నీళ్ళు చక్రాలను ముంచి పైకి వచ్చాయి. మనవడు నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగపట్టాడు. మా ఆవిడ కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నది.

అవతలి ఒడ్డున, నీటిపైకి కనిపించే నల్లరాయి ఒకటి గురుతు పెట్టుకోమని వాడికి చెప్పాను. హిమానీనదంనుంచి వచ్చే ఏరు అది. పగటి ఎండకు మంచు కరిగిన నీరు మధ్యాహ్నం దాటాక కిందికి చేరుతుంది. సాయంత్రం మళ్ళీ దాటేటప్పుడు వాడు కిటికీలోంచి వెతికాడు. రాయి లేదు. దాని మీదుగా నీళ్ళు మడతపడి పోతున్నాయి. పెన్సిలు అడిగి తీసుకుని, పొద్దుటి వేళా, సాయంత్రపు వేళా రెండూ తన పుస్తకంలో రాసుకున్నాడు.