ఆటోనగర్‌లో ‘గేర్లు లేని’ కారు

విజయవాడ బెంజిసర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే చాలు... సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. వెల్డింగ్ మెరుపులు, కొత్త రంగు వాసన, సగం కట్టిన లారీ బాడీలు, విప్పేసిన ఇంజిన్ల గుట్టలు. అదే ఆటోనగర్. నట్టు నుంచి లారీ దాకా ఇక్కడ దొరకనిది లేదంటారు బెజవాడ వాళ్లు. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

లారీల రాజ్యంలాంటి ఈ వీధుల్లోకి పాత ఆటోమేటిక్ కారు వస్తే మాత్రం చాలా షెడ్లు ‘మా వల్ల కాదు’ అనేస్తాయి. మామూలు గేరుబాక్సయితే విప్పి, అరిగిన పళ్లు చూసి చెప్పొచ్చు. ఇందులో పెత్తనమంతా ఆయిలుదే! పంపు నెట్టే ఆయిలు ఒత్తిడే లోపలి క్లచ్చులను పట్టించి గేర్లు మారుస్తుంది. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ ‘హైడ్రామాటిక్’ తెచ్చినప్పటి నుంచీ మూలసూత్రం ఇదే. మన దగ్గర 2014లో మారుతీ సెలెరియోతో వచ్చిన ఏఎంటీ వేరు. అది మామూలు గేరుబాక్సుకే క్లచ్ తొక్కే యంత్రాన్ని తగిలించడం. రెండూ ఒకటేననుకుని స్పానర్ పడితే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

గుడివాడ వైపు నుంచి వచ్చిన ఓ రిటైర్డ్ మాస్టారి కారుకి అదే భయం పట్టుకుంది. మోకాలి ఆపరేషనయ్యాక ఆయన క్లచ్ తొక్కలేరు. వారానికి రెండుసార్లు భార్యను డయాలసిస్‌కి బెజవాడ తీసుకురావాలి. ఊళ్లో మెకానిక్కేమో ‘బాక్సు పోయింది, మార్చాల్సిందే’ అన్నాడు. ఆ ఖర్చుతో పోలిస్తే కారు అమ్మితే వచ్చేది తక్కువే.

ఇక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు.

‘‘డీలో వెయ్యగానే కదుల్తోందా మాస్టారూ?’’

‘‘లేదయ్యా. రెండు మూడు సెకన్లు ఆగి గుద్దినట్టు కదుల్తుంది.’’

‘‘మలుపుల్లో?’’

‘‘అక్కడే ఎక్కువ. ఇంజిను రేసవుతుంది, బండి లాగదు.’’

ఆ మాటతో సగం విషయం తేలిపోయింది. ఒక్క గేరులోనే తేడా ఉంటే ఆ గేరు క్లచ్చునో సోలినాయిడ్‌నో అనుమానించాలి. మలుపు తిరగ్గానే పట్టు జారుతోందంటే, ఆయిలు ఓ పక్కకు ఒరిగి పంపుకి అందడం లేదేమో చూడాలి. స్కానర్ పెడితే తప్పు కోడ్‌లేవీ లేవు. ఇంజిన్ వేడెక్కాక బండిని చదును మీద నిలిపి, బ్రేకు తొక్కి, లివర్‌ని అన్ని స్థానాల్లోకీ తిప్పి ‘పీ’లో ఉంచి గేజు తీశారు. (అన్ని కార్లకీ ఇదే పద్ధతి కాదు. కొన్నింటిలో ఇంజిన్ ఆపి చూడాలి, కొన్నింటికి గేజే ఉండదు. బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం.) ఆయిలు కింది గీతకి కూడా అందలేదు. తెల్ల కాగితం మీద తుడిస్తే, ఎర్రగా ఉండాల్సింది టీ రంగులో ఉంది. కానీ మాడు వాసన లేదు, ఇనుప రజను లేదు. ఆ రెండూ ఉంటే కథ మరోలా ఉండేది.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు తాగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే! కింద దూరి చూస్తే రేడియేటర్ దగ్గర కూలర్ హోస్ పైపు చివర తడిగా, దుమ్ము పట్టి కనిపించింది. పైపు మార్చి, పుస్తకంలో రాసిన రకం ఆయిలే కొద్దికొద్దిగా పోశారు. ‘ఏ ఆయిలైనా ఒకటే’ అనే దుకాణదారులు చాలామంది ఉన్నారు. వాళ్ల మాట వినకపోవడమే బండికి మంచిది.

బందరు రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టించారు. మలుపుల్లో జారడం పోయింది. డీలో వెయ్యగానే కదిలింది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు మాత్రం చిన్న కుదుపు మిగిలింది.

‘‘ఇన్నాళ్లూ ఆయిలు చాలక నడిచింది కదా... క్లచ్చులు కొంత అరిగే ఉంటాయి. వెయ్యి కిలోమీటర్లు తిరిగి రండి. ఆయిలు రంగు చూసి అప్పుడు చెప్తా’’ అన్నాడు మేస్త్రీ.

మాస్టారు టైం చూసుకున్నారు. రెండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.