నలుగురితో నారాయణ

"నలుగురితో నారాయణ" అని మనవాళ్ళొక మాట అంటూ ఉంటారు. నలుగురూ పోయే దారిన పోతే పేచీ లేదని దాని తాత్పర్యం. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ నారాయణ రోజూ దర్శనమిస్తూనే ఉంటాడు.

ప్రబంధంలో పద్యమొకటి చదివి, సమాసాలు విప్పి, "అర్థమైందా?" అని అడుగుతాను. అరవై తలకాయలూ ఒక్కసారి ఊగుతాయి. అర్థం కానిది తనొక్కడికేనని ప్రతివాడూ లోలోపల కుంచించుకుపోతూ ఉంటాడు. గంట కొట్టాక ఒకడు వరండాలో వెంటబడి, "మాస్టారూ, ఆ రెండో పాదం..." అని నసుగుతాడు. వాడే క్లాసులో లేచి అడిగాడనుకోండి, "నాకూ తెలియలేదండీ" అంటూ మరి నలుగురు లేస్తారు.

సాలమన్ యాష్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1950ల తొలినాళ్ళలో ఈ సంగతినే పరీక్షకు పెట్టాడు. కాలేజీ కుర్రాళ్ళను కూర్చోబెట్టి ఒక గీత చూపించాడు. పక్కన వేరువేరు పొడవుల గీతలు మూడు. మొదటిదానికి సరిసమానమైనదేదో చెప్పాలి, అంతే. పసివాడైనా చెప్పగలడు. కాని ఒక్కడు తప్ప తక్కినవాళ్ళంతా ముందే ఆయనతో కూడబలుక్కుని వచ్చినవాళ్ళు. వాళ్ళు నిబ్బరంగా తప్పు చెప్పేవారు. అలా చెప్పినప్పుడల్లా ఆ ఒంటరివాళ్ళు ఇచ్చిన జవాబులు లెక్కవేస్తే, నూటికి సుమారు 37 ఆ తప్పునే వల్లించాయి. ఎవరూ లేనప్పుడు అడిగితే నూటికి ఒక్కటైనా తప్పలేదు!

అసలు ముచ్చట ఆ తరవాతిది. ఆ గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పేలా ఏర్పాటు చేసి చూశాడు. తప్పులు నాలుగోవంతుకు దిగిపోయాయి. అంటే మనిషికి కరువైనది కళ్ళూ కాదు, బుద్ధీ కాదు, తోడు.

మన ఇళ్ళ సంగతే చూడండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మగపెళ్ళివారిని విడివిడిగా కదిపితే, "మాకేం ఆశ లేదండీ, నలుగురూ ఏమనుకుంటారోనని..." అంటారు. ఆ నలుగురూ ఎవరయ్యా అంటే, అదే మాట చెప్పే మరో నలుగురు!

ఒకసారి మా బంధువుల్లో మగపెళ్ళివారింట మాటలు జరుగుతున్నాయి. అంకె దగ్గరికి వచ్చేసరికి అందరూ బొమ్మల్లా కూచున్నారు. వంటింటి గుమ్మంలోంచి పెళ్ళికొడుకు మేనత్త, "మనవాడికి పెళ్ళి చేస్తున్నామా, వేలంపాట పెట్టామా?" అంది. ఎవరూ కిక్కురుమనలేదు. కాసేపటికి పెళ్ళికొడుకు బాబాయి కండువా సవరించుకుని, "నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు. ఆ తరవాత, "నా ఉద్దేశమూ అదే" అనని వాళ్ళు లేరు. అంకె మళ్ళీ వినిపించలేదు.

అందరూ మేనత్తను మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. నేను మాత్రం ఆ బాబాయికి ఒక నమస్కారం ఎక్కువ పెడతాను. ఆయన నోరు విప్పకపోతే, ఆమె మాటను గయ్యాళితనమని కొట్టిపారేసేవారు. మొదటి మాట అనడానికి గుండె కావాలి. అది అందరికీ ఉండకపోవచ్చు. రెండో మాటైనా మనం అనవచ్చు గదా!