తాత మగ్గం, నాయినమ్మ ఆసు

మా తాత పోయిన శ్రావణంలో కాలం చేశాడు. పోచంపల్లిలో పుట్టి, అక్కడే గుంట మగ్గం మీద బతుకంతా గడిపి, ఎనభై దాటాక ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడు. దినాలకు వచ్చినవాళ్లందరూ ఆయన పనితనం గురించే మాట్లాడుకున్నారు. "అసొంటి చెయ్యి మళ్ల పుట్టది" అన్నారు. నిజమే. కానీ ఆయన మగ్గం పక్కన కూర్చుని పెరిగినదాన్ని కాబట్టి నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఆ పనితనం తన ఒక్కడిదని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

ఎండాకాలం సెలవులు వస్తే నేను తాత ఇంట్లోనే. ముందరి గదిలో మగ్గం, గుంటలో ఆయన కాళ్లు, అటూ ఇటూ పరుగెత్తే నాడె. పొద్దున ఆరింటికి మొదలైన చప్పుడు అన్నం వేళకు ఆగేది. నేసిన జానెడు బట్టను అప్పుడప్పుడూ వెనక్కు తిప్పి నాకు చూపించేవాడు. "సూడు బిడ్డా, రంగు రెండు దిక్కుల ఒక్క తీరుండాలె. అచ్చు గుద్దిన బట్టయితె ఎనక ఎలిసిపోయి ఉంటది" అనేవాడు. మా దగ్గర రంగు బట్టకు వేయరు, నూలుకే వేస్తారు. అందుకే పువ్వు ముందెంత నిండుగా ఉంటుందో వెనకా అంతే నిండుగా ఉంటుంది. దాని అంచులు మాత్రం సన్నగా చెదిరినట్టుంటాయి. ఆ చెదురే అసలు చీరకు గుర్తు.

ఆ పువ్వు ఎక్కడ రావాలో నూలు మగ్గం ఎక్కకముందే తేలిపోతుంది. పేక నూలును ముందు ఆసు మీద పోయాలి. ఆసంటే అర్ధచంద్రాకారంలో ఉండే చట్రం. ఒక కొసన ఒక చీల, ఎదురుగా వంపు పొడుగునా వరసగా చీలలు. దారాన్ని ఈ చీల నుంచి ఆ చీలకు, మళ్లీ ఆ చీల నుంచి ఈ చీలకు చెయ్యి చాచి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. లెక్కలో ఒక్క పోగు తప్పితే పువ్వు పువ్వులా రాదు. అలా పోసిన నూలు మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. అది చిటికి. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ తర్వాతే కండెలు, ఆ తర్వాతే మగ్గం.

మా ఇంట్లో ఆసు నాయినమ్మది. వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆసు ముందు కూర్చునేది. మాట్లాడిస్తే లెక్క తప్పుతుందని మేం ఆ గదిలోకి వెళ్లేవాళ్లం కాదు. సాయంత్రానికి ఆమె కుడి చెయ్యి పైకి లేచేది కాదు. తల దువ్వుకోవడానికి కూడా మా అమ్మను పిలిచేది. రాత్రి అన్నాలయ్యాక తాత చిన్న గిన్నెలో ఆముదం వెచ్చజేసి ఆమె భుజానికి రాసేవాడు. ఆమె "సాలు, పొద్దుగాల లేవాలె, పండుకో" అన్నా ఆపేవాడు కాదు. మా వీధిలో ఆ పని చేసిన మగవాణ్ని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఒకసారి పట్నం నుంచి నలుగురు వచ్చారు. చీరలు చూసి, మెచ్చుకుని, మగ్గం మీద తాతను ఫొటో తీస్తామన్నారు. "జర ఆగుండ్రి సారూ" అని ఆయన గుంటలోంచి లేచి లోపలికి పోయాడు. ఆసు చట్రాన్ని భుజాన మోసుకొచ్చి మగ్గానికి ఆనించాడు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ సిగ్గుపడుతున్న నాయినమ్మను దాని ముందు కూర్చోబెట్టాడు. "పువ్వు ఆమె చేతుల పుట్టింది. నేను దాన్ని చీరల కూసోబెట్టిన, గంతే. ఇగ దియ్యుండ్రి" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఆ క్షణంలో నాయినమ్మ ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే.

ఈ పట్టింపు ఆయనకు చిన్నప్పుడే వచ్చిందని నా నమ్మకం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు తాత వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని ఆ జనంలో నిలబడ్డాడట. దళితవాడలోని నలభై కుటుంబాలు సాగుకు 80 ఎకరాలు కావాలని అడిగితే, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, మా ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. ఆ కథ చెప్పినప్పుడల్లా తాత చివర ఒక మాట అనేవాడు. "ఇచ్చినాయన పేరు లోకమంత ఎర్కనే. నోరు దెరిచి అడిగినోళ్ల పేర్లు ఎవలకన్న ఎర్కనా? ఆళ్లు అడగకపోతె ఆయన ఇచ్చునా?" ఇచ్చినాయన మీద ఆయనకు గౌరవమే. కాకపోతే, వెనక ఉన్నవాళ్లను మరిచిపోతే ఆయన సహించేవాడు కాదు.

నాయినమ్మ భుజం నొప్పికీ చివరికి ఒక దారి దొరికింది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే చేనేత కుటుంబపు యువకుడు, ఆసు పోసి పోసి తన తల్లి పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. తల్లి పేరు మీద దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి తాతకు అదే ధ్యాస. మగ్గానికి కొత్త సామాను కొనడం మానుకుని, చాలనిదానికి అప్పు చేసి, ఒక యంత్రాన్ని ఇంటికి తెచ్చాడు. ఐదు గంటల పని గంటన్నరలో అయ్యేది. నాయినమ్మ మొదటి నాలుగు రోజులు దాన్ని నమ్మక, పక్కనే నిలబడి పోగులు లెక్కపెట్టింది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చూసి తాత వీధిలో అందరికీ బెల్లం పంచాడు. తనకే వచ్చినంత సంబరపడ్డాడు.

మా నాన్న, బాబాయి మగ్గం ఎక్కలేదు. పట్టు ధర పెరిగి, కూలి పెరగక, ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చూసుకున్నారు. తాత దానికి ఎవరినీ తప్పుపట్టలేదు. చూపు తగ్గేదాకా తన పని తాను చేసుకుపోయాడు.

పదకొండో రోజున జనమంతా ఆయన్ని పొగుడుతుంటే నాయినమ్మ గోడకు ఆనుకుని వింటూ కూర్చుంది. ఎవరో "ఎంత గొప్ప చీరలు నేసిండవ్వా మీ ఆయన" అన్నారు. "చీరలు మస్తుమంది నేస్తరు బిడ్డా" అంది ఆమె. "నా చెయ్యి నొస్తదని యాది పెట్టుకున్నోడు ఆయినె ఒక్కడే." ఆయన గురించి ఆ పదకొండు రోజుల్లో నేను విన్న మాటల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు.

మా తాత మంచి నేతగాడు. అంతకంటే న్యాయమైన మనిషి. పోచంపల్లి చీర కొనేటప్పుడు మీరు ధర అడుగుతారు, రంగు చూస్తారు. వెనక్కు తిప్పి కూడా చూడండి. ఆసు ఎవరు పోశారని కూడా అడగండి. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగకముందే ఆ మాట చెప్పాడు. ఇప్పుడాయన లేడు, అడగవలసింది మనమే.