నాలుగడుగుల వసారా

పేరుకి ఉక్కు నగరమే! మా వన్‌టౌన్ వసారాలో మాత్రం ఇనుప కుర్చీ మూడేళ్లు నిలిస్తే గొప్ప. ఉప్పుగాలి కాళ్ల దగ్గర్నుంచే తినేస్తుంది. కురుపాం మార్కెట్ దగ్గర సందులో పాత పెంకుటిల్లు మాది. వసారా వెడల్పు నాలుగడుగులు. కుర్చీ వేస్తే నడవడానికి దారి ఉండదు, తీసేస్తే నాన్నకు చోటుండదు. 1933లో ప్రారంభమైన విశాఖ పోర్టులోనే ఆయన ఉద్యోగమంతా. సాయంత్రం ఓడ కూత వింటూ అక్కడ కూర్చోకపోతే ఆయనకు అన్నం సయించదు.

మీ వసారా కూడా సన్నమైతే ముందు దారి కొలవండి, తర్వాతే సామాను. మేం అడుగున్నర వెడల్పు టేకు బల్లని ఇత్తడి మడతబందులతో గోడకే బిగించాం. దించితే కూర్చోవచ్చు, ఎత్తి గొళ్లెం పెడితే వసారా అంతా ఖాళీ.

ముచ్చటపడి మెత్తలు వేశాను. గాలికొచ్చే నల్లదుమ్ముకి వారం తిరక్కుండానే మసిగుడ్డలయ్యాయి. ఈతచాపే మేలు, దులిపితే సరి. వేలాడే కుండీల మోజు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుతోనే ఎగిరిపోయింది. ఇప్పుడవన్నీ గోడవారగా నేలమీదే. గులాబీ బతకలేదు. బిళ్లగన్నేరు మాత్రం ఎవరూ పట్టించుకోకపోయినా విరగబూస్తోంది. గూట్లో రెండు ఏటికొప్పాక లక్కబొమ్మలు పెట్టాను, ఆ ఎరుపూ పసుపూ ఉంటే వేరే అలంకారం అక్కర్లేదు.

నాన్నకు ఇవేవీ పట్టలేదు. బల్ల దించి చూపించగానే, ‘పక్కింటి మావయ్యకి చోటేదే?’ అన్నారు.

మర్నాడే వడ్రంగిని పిలిచి ఇంకో రెండడుగులు పొడిగించాం.