అత్తం లేని గెల ఉంటుందా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది రంపచోడవరం వైపు కొండ మీద ఊరు. రావులపాలెంలో రూం తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. పోయిన నెల మా స్టాటిస్టిక్స్ సార్ "ఏదో ఒకటి మీరే లెక్కపెట్టి, ఆర్ లో వేసి చూపించండి" అన్నారు. నాకు దగ్గర్లో ఉన్నది అరటి మార్కెట్. పొద్దున్నే వెళ్లి 40 గెలలు ఎంచుకుని, ఒక్కో గెలకి ఎన్ని అత్తాలో పుస్తకంలో రాసుకున్నాను. 7, 8, 6, 8, 9... ఇలాగ. ఐదు గెలలు మాత్రం లారీలో అడుగున పడిపోయాయి. కనపడలేదు కదా అని వాటికి 0 వేసేశాను.

ఇలాంటి అంకెల వరసని ఆర్ లో వెక్టర్ అంటారు. దానికి ఎక్స్ అని పేరు పెట్టాను. 8 అత్తాల గెలలు ఎన్నో చూద్దామని ఎక్స్ = 8 అని కొట్టాను. అంతే, 40 గెలలూ పోయి ఒక్క 8 మిగిలింది! ఒక సమాన గుర్తు పెడితే "8 పెట్టు" అని చెప్పినట్టు. == అని రెండు పెడితేనే "8 ఉందా?" అని అడిగినట్టు. అవునన్న చోట 1, కాదన్న చోట 0 అనుకుని సమ్ అనే ఫంక్షన్ కూడుతుంది. మళ్లీ అంకెలన్నీ ఎక్కించి చేస్తే 11 వచ్చింది.

సార్ చూసి "అత్తం లేని గెలలు ఐదున్నాయా బాబూ?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

చూడనిదానికి ఎన్ఏ అని రాయాలట. అలా మారిస్తే సమ్ ఇచ్చిన జవాబు కూడా ఎన్ఏ! ఆ ఐదు తెలియకుండా మొత్తం ఎలా చెప్తుంది మరి? వాటిని పక్కన పెట్టమంటే మళ్లీ 11 వచ్చింది. కానీ ఇది 40లో 11 కాదు, నేను చూసిన 35లో 11. టేబుల్ అనే ఇంకో ఫంక్షన్ ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో ఒకేసారి చెప్తుంది. అయితే మనం ప్రత్యేకంగా అడగకపోతే ఎన్ఏలు ఉన్నాయన్న సంగతే చెప్పదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్ లో ఉన్నప్పుడు మా ఊరి లిస్టు ఒకటి చూశాను. మా అమ్మ పేరు ఎదురుగా భూమి 0 అని ఉంది. నేను పుట్టకముందు నుంచీ మా అమ్మ పోడు చేస్తున్న చేను అది. రాసినాయన కొండెక్కలేదు, కింద రోడ్డు పక్కన కూర్చుని రాసుకుపోయాడు. ఖాళీ వదిలేసినా ఎవరో ఒకరు "ఇదెందుకు ఖాళీ?" అని అడిగేవాళ్లు. సున్నా వేశాక ఎవరడుగుతారు? ఐదు గెలలకి నేను చేసిందీ అదే పని.

ఇంకో మాట. ఆర్ ని మొదలుపెట్టింది న్యూజిలాండ్ లో ఆక్లాండ్ యూనివర్సిటీకి చెందిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్. ఇహాకా మావోరి మూలాలున్న మనిషి. మావోరిలంటే ఆ దేశపు ఆదివాసులు. 1995 నుంచి ఆర్ అందరికీ ఉచితం. పైసా కట్టకుండా మనమూ నేర్చుకోవచ్చు.

సంక్రాంతి సెలవుల్లో మా ఊరు ఇల్లిల్లూ తిరిగి రాద్దామనుకుంటున్నాను. తలుపేసున్న ఇంటికి సున్నా వేయను, ఖాళీ వదిలి మళ్లీ వెళ్తాను. చివర్లో ఎన్ని ఖాళీలు మిగిలాయో అదీ లెక్కపెడతాను. మీ ఊళ్లోనూ చేస్తారా? చెప్పండి, కలిసి చేద్దాం.

జోహార్.