ఆయుధశుద్ధి – అంతఃకరణశుద్ధి

మహానవమి నాడు ఆయుధపూజ చేయడం అనూచానంగా వస్తున్న ఆచారం. పూజకు ముందు ఆయుధాన్ని శుభ్రపరచడం విధి. రైతు కొడవలినీ నాగలినీ, చోదకుడు వాహనాన్నీ, సైనికుడు తుపాకినీ తుడిచి, గంధకుంకుమలతో అలంకరించి నమస్కరిస్తాడు. అయితే కంటికి కనిపించే భాగాన్ని మాత్రమే తుడిస్తే శుద్ధి పూర్తవుతుందా? పాకాలలో ఒక విశ్రాంత సైనికునికి ఈ ప్రశ్న ఒక మహానవమి ఉదయాన ఎదురైంది.

ఆయన 1985లో సైన్యంలో చేరారు. తిరుపతి–కాట్పాడి మార్గంలో ధర్మవరం రైలుదారి వచ్చి కలిసే పాకాల జంక్షన్‌లోనే ఆనాడు రైలెక్కారు; ఇరవైనాలుగు సంవత్సరాల సేవానంతరం హవల్దారుగా ఆ జంక్షన్‌లోనే దిగారు. అప్పటినుండి ఆయన దినచర్యలో లోపం లేదు. బ్రాహ్మీముహూర్తాన స్నానం, సంధ్యాదీపం, నిత్యగీతాపారాయణం. దామలచెరువు వైపు తండ్రి మిగిల్చిన మామిడితోట పని. సంకటహర చతుర్థికి కాణిపాక వరసిద్ధి వినాయకుని దర్శనం. వేదాంతప్రవచనాలు శ్రద్ధగా విని, "ఆత్మ నిత్యశుద్ధం, దానికి మాలిన్యం లేదు" అని పదిమందికీ చెప్పేవారు. కాని పక్కవీధిలోనే ఉన్న సొంత తమ్మునితో తొమ్మిదేళ్ళుగా మాటలు లేవు. తోటగట్టు విషయమై తండ్రి ఆబ్దికం నాడు మొదలైన వివాదం అది.

ఆ ఉదయం ఆయన కొడవళ్ళు, గొడ్డలి, మందుకొట్టే యంత్రం అరుగుమీద పెట్టి తుడుస్తున్నారు. తమ్ముని కుమారుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పెద్దలు మాట్లాడుకోకపోయినా పిల్లవాడు రాకపోకలు మానలేదు. అగ్నివీర్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు.

"పెదనాయనా, పిస్టన్ తుపాకి మేలా, డైరెక్ట్ గ్యాస్ తుపాకి మేలా?" అని అడిగాడు.

ఆయన ఉత్సాహంగా వివరించారు. తూటా పేలినప్పుడు మందు మండి అత్యుష్ణవాయువు పుడుతుంది. గుండు గొట్టంలో ముందుకు సాగుతుండగా, గొట్టంలోని ఒక చిన్న రంధ్రం ద్వారా ఆ వాయువులో కొంత భాగం పక్కకు మళ్ళుతుంది. పిస్టన్ పద్ధతిలో ఆ వాయువు ఒక లోహదండాన్ని వెనుకకు నెడుతుంది. ఆ నెట్టుడుకే బోల్టు వెనుకకు వెళ్ళి, ఖాళీ తొడుగును బయటపడవేసి, తిరిగి వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. వేడి, మసి చాలావరకు ముందుభాగంలోనే నిలిచిపోతాయి. ఆయన తొలిరోజుల్లో మోసిన ఎస్‌ఎల్‌ఆర్‌లో పిస్టన్ కొద్దిదూరమే కదిలి ఆగుతుంది. తరువాత వచ్చిన ఇన్సాస్‌లోనూ, ఏకే–47లోనూ పిస్టన్ బోల్టును మోసే భాగంతో కలిసి చివరిదాకా ప్రయాణిస్తుంది. అమెరికాలో యూజీన్ స్టోనర్ రూపొందించిన ఎం–16 పద్ధతి వేరు. అందులో వాయువు ఒక సన్నని నాళం గుండా నేరుగా బోల్టు ఉన్న చోటికే చేరుతుంది. బరువు తగ్గుతుంది, గురి నిలకడగా ఉంటుంది. కాని ఆ వాయువుతోపాటు మసి కూడా యంత్రగర్భంలోకే ప్రవేశిస్తుంది.

"మనసు కూడా రెండు రకాలే నాయనా" అన్నారాయన. "కొందరికి ఎదుటివాని మాట నేరుగా గుండెలోకి పోతుంది. కొందరికి నడుమ వివేకమనే పిస్టన్ ఉంటుంది. దెబ్బ తగులుతుంది, పని జరుగుతుంది, పొగ మాత్రం లోపలికి రాదు."

ఏళ్ళ సాధనతో తాను రెండవ కోవకు చేరినట్లు ఆయన స్వరమే చెబుతున్నది.

"అట్లయితే పిస్టన్ ఉండేదాన్ని తుడవాల్సిన పనే లేదా పెదనాయనా?"

"ఎవురు చెప్పినారు అట్లని?" అంటూ ఆయన తన శిక్షణకాలం నాటి సంగతి ఎత్తుకున్నారు. ఒకనాటి తనిఖీకి ఆయన తుపాకి గొట్టాన్ని పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి పదేపదే లాగి, అద్దంలా మెరిపించారు. ఉస్తాద్ గొట్టంలోకి చూసి తల ఊపాడు. తరువాత ముందున్న గ్యాస్ ప్లగ్ విప్పి, పిస్టన్ బయటకు తీసి, దాని మొనను వేలితో రాసి, ఆ నల్లని వేలిని ఆయన కళ్ళ ముందు నిలిపాడు. ఆ రంధ్రం మసితో పూడుకుపోతే వాయుబలం చాలదు. బోల్టు పూర్తిగా వెనుకకు రాదు. రెండవ తూటా ఎక్కదు. అక్కడ రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచవచ్చు. అప్పటికి పని నడుస్తుంది. కాని మసి అలాగే ఉంటుంది.

వియత్నాం యుద్ధకాలపు సంగతి కూడా చెప్పారు. 1960ల మధ్యలో ఎం–16 సైనికుల చేతికి వచ్చినప్పుడు, దానికి శుభ్రత పెద్దగా అవసరం లేదనే నమ్మకం వ్యాపించింది. తుడిచే సామగ్రి కూడా చాలినంత అందలేదు. తూటాలోని మందు మార్చారు. గది లోపల క్రోమియం పూత లేదు. ఖాళీ తొడుగులు లోపలే ఇరుక్కుపోయి, శత్రువు ఎదుట తుపాకులు మూగబోయాయి. సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. తరువాత పూత వేశారు, సామగ్రి ఇచ్చారు, శుభ్రపరిచే విధానాన్ని బొమ్మల పుస్తకంగా అచ్చువేసి పంచారు. అదే డైరెక్ట్ గ్యాస్ పద్ధతి తరువాత దశాబ్దాలపాటు నమ్మకంగా పనిచేసింది.

పిల్లవాడు కొంతసేపు మౌనంగా ఉండి అడిగాడు: "లోపల మసి ఉందని మోసేవానికి ఎట్లా తెలుస్తుంది? బయటికి గొట్టం మెరుస్తానే ఉంటుంది గదా."

ఆయన చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

ఆబ్దికం నాటి దృశ్యం మనసులో మెదిలింది. బ్రాహ్మణభోజనం ముగిసింది. గట్టు ప్రస్తావన వచ్చింది. తన మాట సాగనప్పుడు ఆయన గొంతు పెంచారు. "నేను సరిహద్దులో ప్రాణాలొడ్డి ఉంటే నువ్వు ఇంట్లో కూర్చొని తోట తిన్నావు" అన్నారు బంధువులందరి ఎదుట. ఆ ఇరవైనాలుగేళ్ళూ తండ్రికి మందులిచ్చినవాడు, తోటకు నీళ్ళు కట్టినవాడు, చివరి రాత్రి తల ఒడిలో పెట్టుకున్నవాడు ఆ తమ్ముడే. ఆ మాటను ఆయన ఏనాడూ తిరిగి విప్పి చూడలేదు. పారాయణం చేశారు, గొట్టం మెరిసింది. గ్యాస్ ప్లగ్ మాత్రం తొమ్మిదేళ్ళుగా విప్పలేదు.

అంతఃకరణానికి మలం, విక్షేపం, ఆవరణం అని మూడు దోషాలను వేదాంతాచార్యులు చెబుతారు. నిష్కామకర్మచే మలం, ఉపాసనచే విక్షేపం, జ్ఞానంచే ఆవరణం తొలగుతాయి. ఆత్మ నిత్యశుద్ధమే, అందులో సందేహం లేదు. కాని ఆత్మకు చెందిన ఆ విశేషణాన్ని తన మనస్సుకు తగిలించుకొని, ఇక శుద్ధి అక్కరలేదనుకోవడం, తుడవనక్కరలేని తుపాకి అని నమ్మడం వంటిదే. శంకరభగవత్పాదుల సంప్రదాయంలో కర్మకు చిత్తశుద్ధియే ప్రయోజనం. ఆనాడు ఆయనకు మిగిలి ఉన్న కర్మ పక్కవీధిలో ఉన్నది.

కాణిపాకం వద్ద బాహుదానది ఒడ్డున శంఖలిఖితుల కథ తెలియనివారుండరు. అన్న శంఖుడు, తమ్ముడు లిఖితుడు. మహాభారత శాంతిపర్వంలో లిఖితుడు అన్న ఆశ్రమంలోని పండ్లు అడగకుండా తిన్నాడు. స్థానికులు ఆ పండు మామిడి అంటారు. అన్న మాటపై రాజును ఆశ్రయించి, చేతులు పోగొట్టుకొని, ఆ నదీస్నానంతో తిరిగి పొందాడు. ఆ కథను ఎన్నోసార్లు విన్న ఆయన ఎప్పుడూ తనను శంఖుని స్థానంలోనే ఊహించుకున్నారు. ఈ వివాదంలో లిఖితుడు తానే అని ఆనాడు తోచింది.

పూజ ముగించి, బొరుగులు, పుట్నాలు, బెల్లం ప్రసాదం ఆకులో పెట్టుకొని ఆయన పక్కవీధికి నడిచారు. తమ్ముడు ట్రాక్టరుకు పసుపు పూస్తున్నాడు.

"ఆ దినం ఆ మాట నేను అనకూడదు. నాయనను చూసుకున్నది నువ్వు" అన్నారాయన.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చేతులు తుడుచుకొని ప్రసాదం అందుకున్నాడు. "కూర్చో అన్నా" అన్నాడు.

గట్టు వ్యవహారం ఆనాడు తేలలేదు. మరునాడు విజయదశమి నాడు ఆయన మళ్ళీ వెళ్ళారు. ఒకసారి పేలిన తుపాకిని ఆ సాయంత్రం ఒక్కసారి తుడిస్తే చాలదనీ, మరునాడు మళ్ళీ విప్పి చూడాలనీ సైన్యంలో ఆయన నేర్చుకున్న పాఠం. సాధకునికీ అదే పాఠం: నిత్యం వాడే మనస్సును నిత్యం విప్పి చూడాలి; ముఖ్యంగా ఇతరుల కంటికి కనబడని చోట.

స్వస్తి.