గాజుపలక పొయ్యి

ఇంటికి క్రొత్తవస్తువు వచ్చినప్పుడు దాని వెల యెంతయని యెల్లరు నడుగుదురు. దానివలన ఇంటిలో నెవరి చేతిపని పోయినదని యడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్న మాకును మొదట తోచలేదు. అది తోచిన విధమును మీకు విన్నవించుచున్నాము.

మా అత్తగారికి డెబ్బదియెనిమిది యేండ్లు. మధుమేహమువలన నాలుగేండ్లుగా చూపు మందగించినది. మనుష్యులను గొంతునుబట్టియు, పాత్రలను స్పర్శనుబట్టియు గుర్తింతురు. ఐనను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, డికాక్షను దింపి, పాలు కాచి, ఇంటిల్లిపాదికిని కాఫీ కలుపుట వారికొక వ్రతము. గ్యాసుపొయ్యి మరను త్రిప్పునపుడు అది యెంత తిరిగినదో వ్రేళ్లకు తెలియును. మంట యెంత యున్నదో దాని చప్పుడే చెప్పును. ఆ రెండింటి సాయముతో వా రెవరినిని లేపక తమ పని తాము చేసికొనుచుండిరి.

గత కార్తికమాసమున నొకనాడు వారి చీరచెంగు పొయ్యికి తగిలి కాలినది. మేము చేరువనే యుండుటచే ప్రమాదము తప్పినది. ఆ సాయంకాలమే మావారు బజారునకు పోయి ఇండక్షను పొయ్యి తెచ్చిరి. నల్లని గాజుపలక, మరలేదు, మీటలేదు, వ్రేలితో తాకినచాలును. మంటయు లేదు. ఒకమారు తుడిచిన అద్దమువలె మెఱయును. మేమును మిక్కిలి సంతసించితిమి.

ఆ పలకక్రింద రాగితీగచుట్ట యొకటి యుండును. అందులో విద్యుత్తు ప్రవహించునపుడు అయస్కాంతక్షేత్రము పుట్టి, పైనున్న పాత్రయడుగునే వేడిచేయును. పాత్ర తీసివేసిన వేడి పుట్టుట నిలిచిపోవును. కావున చెంగు అంటుకొను భయము చాల తక్కువ. కాని ఇత్తడి, రాగి, అల్యూమినియము గిన్నెలు దీనిపై వేడెక్కవు. స్టీలుగిన్నెలలోను కొన్నియే పనికివచ్చును. అడుగున అయస్కాంతము గట్టిగా నంటుకొన్నచో ఆ గిన్నె పనికివచ్చునని తెలిసికొనవచ్చును. అత్తగారు కాపురమునకు వచ్చిననాటి ఇత్తడిగిన్నె ఈ పరీక్షలో నోడి అటుకెక్కినది.

ఇక తాకుడు సంగతి. వ్రేలు తగిలినపుడు విద్యుదావేశములో కలుగు స్వల్పమైన మార్పును ఆ పలక కనిపెట్టును. నీరు పడినను అట్టి మార్పే కలుగును. అందుచే తడిచేతికి ఒక్కొకప్పుడు పలుకనే పలుకదు. పాలు పొంగి పైబడిన కూతపెట్టి ఆరిపోవును. వంటయింటిలో మన చేయి యెంతసేపు పొడిగా నుండునో పలక చేసినవారి కెవరు చెప్పవలెను? పైగా దానిమీది గుర్తులన్నియు ఇంగ్లీషు అక్షరములు. అన్నిటికంటె పెద్దచిక్కు మరియొకటి కలదు. మీటయైనచో ముందు తడిమి వెదకి, అదియే యని నిశ్చయించుకొని, తరువాత నొక్కుదుము. గాజుపలకపై వెదకుటయే నొక్కుట యగును. చూపులేనివారు దానిని తడుముటయే తప్పైనది.

పదునైదు దినములు గడచినవి. ఒకనాడు మాకు పెందలకడ మెలకువవచ్చి వంటయింటిలోనికి పోయి దీపము వేయగా, అత్తగారు పీటపై కూర్చుండియుండిరి. గడియారములో ఐదున్నర.

“ఎంతసేపయింది అత్తయ్యగారూ, లేచి?” అని యడిగితిమి.

“నాలుగున్నరకే లేచానమ్మా.”

“అయ్యో! నన్ను లేపకపోయారా?”

“రాత్రి పొద్దుపోయి పడుకున్నావు గదా! గ్లాసుడు కాఫీకోసం నిన్ను లేపడమా? ఆ పలకకి నా వేలు తెలియడంలేదు. ఎక్కడ ముట్టుకున్నా కూస్తుంది. పోనీలే, నా వంతు అయిపోయింది.”

ఆ చివరిమాట మాకు ములుకువలె నాటినది. ఆ పదునైదు దినములును వారట్లే చీకటిలో కూర్చుండి, మేము లేచి వచ్చువరకు ఎదురుచూచుచుండిరట! మేము మంటనుండి వారిని తప్పింపబోయి, వంటయింటినుండియే తప్పించితిమి.

ఇది ముసలివారి చాదస్తమని కొందరనవచ్చును. 2017 ఆగస్టులో సింగపూరు సమీపమున అమెరికావారి యుద్ధనౌక ‘జాన్ ఎస్. మెకెయిన్’ ఒక వర్తకనౌకను ఢీకొనగా 10 మంది నావికులు మరణించిరి. ఆ యుద్ధనౌకను తాకుడుతెరల సాయముతో నడుపుచుండిరి. ఆ ఏర్పాటు చిక్కుగా నుండుటయు, దానిలో నావికులకు తగిన శిక్షణ లేకపోవుటయు ప్రమాదకారణములలోనివని విచారణలో తేలినది. 2019లో ఆ నౌకాదళమువారు వేగమును మార్చుటకు చేతితో త్రోయు మీటలనే మరల అమర్చ నిశ్చయించిరి. కన్నులు బాగుగానున్న నావికులే తెరలతో తికమకపడగా, మా అత్తగారిని తప్పుపట్టుట న్యాయమా?

మరునాడు మేమే దుకాణమునకు పోయి, నొక్కుమీటలుగల ఇండక్షను పొయ్యి కావలెనంటిమి. “అది పాతరకమండీ, ఎవరూ అడగడంలేదు” అనుచు దుకాణములోని కుఱ్ఱవాడు వెనుకగదినుండి ఒకదానిని దుమ్ముదులిపి తెచ్చెను. వెల మొదటిదానికంటె తక్కువ! లోపములు దీనికిని లేకపోలేదు. మీటలచుట్టునున్న సందులలో పాలు దిగి జిగటపట్టును. శుభ్రపరచుట కోపిక కావలెను. చూచుటకు అంత సొగసుగాను లేదు. ఐనను నొక్కినపుడు వ్రేలిక్రింద టక్కుమని పలుకును. వెలిగించి యార్పు మీటపై ఒక రాతిబొట్టుబిళ్లను, వేడి తగ్గించు మీటపై రెండింటిని అంటించితిమి. పాత్ర దింపినతరువాత కొంతసేపు పలక వేడిగానే యుండునని అత్తగారికి ముందుగా చెప్పితిమి.

మొదటినాడు పాలు పొంగినవి. రెండవనాడును పొంగినవి. వారము తిరుగకముందే వారి వ్రేళ్లకు దారి తెలిసినది. ఇత్తడిగిన్నె మాత్రము అటుకపైననే యున్నది. దానిని గూర్చి అత్తగారు అడుగరు. అట్లని మఱచినదియు లేదు. ఆ కొఱతను మేము తీర్పలేకపోతిమి.

క్రొత్తవస్తువులు వలదని మేము చెప్పుట లేదు. మంటలేని పొయ్యి మంచిదే. గాజుపలకను వేసవిలో వంటకు మేము వాడుకొనుచునే యున్నాము. కాని సోదరీమణులారా, ఈసారి మీరు దుకాణమునకు పోయినప్పుడు ఆ వస్తువు మెఱుగును చూచి మోసపోకుడు. ఒక్కమారు కన్నులు మూసికొని దాని మీటలను తడిమి చూడుడు. ఇంటిలోని పెద్దవారిని వెంటబెట్టుకొనిపోయి, వారిచేతనే వెలిగింపించి, వారిచేతనే ఆర్పింపించి, పిమ్మట వెల యడుగుడు.

ఇప్పుడు మాయింట నాలుగున్నరకు మరల పాలగిన్నె చప్పుడగుచున్నది. కాఫీ చల్లారకముందే లేవనిచో మందలింపులు కూడ వినబడుచున్నవి.